వీపు తిప్పిన విద్య

మా తమ్ముడు బాలానగర్‌లో ఒక లేత్ షాపులో ఏడేండ్లు పనిచేశాడు. అందులో మొదటి నాలుగేండ్లు వాడు చూసింది ఉస్తాద్ వీపు. మాటవరసకు చెప్పడం లేదు. డ్రిల్ బిట్టు మొద్దుబారితే ఉస్తాద్ దాన్ని తీసుకొని గ్రైండరు దగ్గరికి పోయేవాడు. పోయేముందు మావాణ్ణి చాయ్‌కి పంపేవాడు. చాయ్ అప్పుడే తాగి ఉంటే రాయికీ మావాడికీ నడుమ తన వీపు పెట్టేవాడు. నడుము పక్క నుంచి నిప్పురవ్వలు కిందికి రాలడం ఒక్కటే కనిపించేది. రెండు నిమిషాల్లో బిట్టు పదునెక్కి వచ్చేది. మావాడి పని దానితో ఇనుప పట్టీలకు బెజ్జాలు వెయ్యడం, ఊడ్వడం, నూనె తుడవడం.

ఇది చదివేవాళ్ళలో డ్రిల్ బిట్టు చేతపట్టినవాళ్ళు తక్కువే ఉండొచ్చు. కాబట్టి కొంచెం చెప్పాలి. బిట్టు మొన మీద రెండు కోత అంచులుంటాయి. మామూలు ఇనుముకు వాడే బిట్టులో ఆ రెండంచుల నడుమ కోణం 118 డిగ్రీలు. అంటే నడిమి గీతకు ఇటు 59, అటు 59. రెండంచులూ ఒకే పొడవు ఉండాలి. ఒకటి వీసమెత్తు పొడుగైనా బిట్టు నడుమ తప్పుతుంది, 10 మిల్లీమీటర్ల బిట్టు అంతకంటే పెద్ద బెజ్జం వేస్తుంది. బోల్టు లొడలొడ ఆడుతుంది. ఇంకొకటి, అంచు వెనక ఉన్న భాగం 8 నుంచి 12 డిగ్రీల దాకా కిందికి జారి ఉండాలి. జారకపోతే మడమ ఇనుముకు రాసుకొని పొగ వస్తుంది, కోత పడదు. నిమిషానికి దాదాపు 2800 చుట్లు తిరిగే రాయి మీద ఇదంతా ఉత్త చేత్తో, కంటి అంచనాతో చెయ్యాలి. చేతవచ్చినవాణ్ణి మేస్త్రి అంటారు. రానివాడు హెల్పర్. మధ్యలో ఇంకో మెట్టు లేదు.

మావాడు ఎట్లా నేర్చాడంటే, తుక్కులో పడేసిన విరిగిన బిట్లు జేబులో వేసుకొని, ఉస్తాద్ అన్నానికి పోయినప్పుడు గ్రైండరు ఆన్ చేసి. ఎన్ని పాడుచేశాడో లెక్కలేదు. ఎడమచేతి చూపుడువేలు గోరు సగం రాయికి పోయింది. ఉస్తాద్ ఒకసారి చూసి తిట్టాడు. కరెంటు బిల్లు గురించి తిట్టాడు, వేలు గురించి కాదు.

నడిచిపోయే దారిలోనే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 1968లో పెట్టింది. పనిముట్ల తయారీని కాగితం మీద గీసి నేర్పే చోటు. తమ్ముడు రోజూ దాని ముందు నుంచే పోయేవాడు. లోపలికి పోవాలంటే ముందు పది పాసు కావాలి. వాడు పదిలో లెక్కలు తప్పాడు. ఆ ఏడు నేను సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను, లెక్కలే. ఇప్పుడు ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్తున్నాను. సెలవులకు ఇంటికొచ్చిన ఏ రోజైనా వాడి ముందు కూచొని నాలుగు లెక్కలు చెప్పిన గుర్తు నాకు లేదు. ఉస్తాద్ వీపు గురించి రాసేటప్పుడు ఇది దాచిపెడితే న్యాయం కాదు.

2015లో వాడు ఊరికొచ్చేశాడు. నేను బ్యాంకులో లోను తీశాను. కాలనీలో మా ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసి, పాతది నాలుగున్నర అడుగుల లేత్ ఒకటి, డ్రిల్లింగ్ మిషన్, గ్రైండరు పెట్టుకున్నాం. ట్రాక్టర్ ట్రాలీ పిన్నులు, బుష్షులు, బోరు మోటార్ల షాఫ్టులు. మొదట్లో మా కాలనీకి రావడానికి ఊళ్ళో రైతులకు కాళ్ళు రాలేదు. షాఫ్టు పట్టుకొని రోడ్డు మీద నిలబడి కేకేసేవాళ్ళు. మోటారు కాలిపోయి పొలం ఎండుతుంటే మాత్రం నేరుగా లోపలికే వచ్చారు.

ఇప్పుడు అసలు సంగతి. రెండుమూడేండ్ల కింద, వేసవి సెలవుల్లో నేను షెడ్డులోనే కూచుండేవాణ్ణి. పనికి ఒక పిల్లగాడు ఉన్నాడు, మా కాలనీవాడే, ఇంటర్ తప్పి వచ్చాడు. ఒకరోజు బిట్టు మొద్దుబారింది. తమ్ముడు దాన్ని తీసి చేతిలో పట్టుకొని, "రెండు చాయ్ పట్టుకరా పో" అన్నాడు పిల్లగాడితో. మేం అప్పుడే చాయ్ తాగాం. ఖాళీ గ్లాసులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. పిల్లగాడు గ్లాసుల వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా పోయాడు. తమ్ముడు గ్రైండరు ముందు నిలబడ్డాడు. నాకు వాడి వీపు కనిపించింది.

"ఏందిరా, నువ్వు గూడ ఉస్తాద్‌వైతివా?" అన్నాను.

వాడు అప్పుడేం మాట్లాడలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు అన్నాడు. "నీకు నెల తిరిగేసరికి జీతం పడతదన్నా. నువ్వు పాఠం చెప్తే నీ నౌకరి పోదు. నేను వీనికి చెప్తే ఆరు నెలలల్ల రోడ్డవతల షెడ్డేస్తడు. నాకిద్దరు పిల్లలు. నాకెవడన్న చెప్పిండా? ఏలు పోగొట్టుకొని నేర్చుకున్న. వాడు గూడ నేర్చుకోని."

ఇందులో ఏ ముక్కకూ నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇప్పటికీ కొన్నిటికి లేదు. ద్రోణుణ్ణి తిట్టడం మనకు అలవాటైపోయింది, ఏకలవ్యుడి బొటనవేలు మీద మనవాళ్ళు చాలా రాశారు. కానీ ఏకలవ్యుడు షెడ్డు పెట్టుకున్నాక తన కింద పిల్లగాణ్ణి ఎట్లా చూస్తాడన్నది మనం పెద్దగా అడగలేదు. అడిగితే శత్రువుకు సందు ఇచ్చినట్టవుతుందని భయమేమో. ఆ భయం నాకూ ఉంది. అయినా మన పుస్తకంలో మనం మాట్లాడుకోకపోతే ఎక్కడ మాట్లాడుకుంటాం?

ఆ వారంలోనే ట్రాలీ పట్టీల పని పెద్దది వచ్చింది. రోజుకు పదిసార్లు బిట్టు సాన పట్టాలి. తమ్ముడి మణికట్టు వాచింది. అప్పుడు నేను జిగ్గు మాటెత్తాను. జిగ్గంటే, బిట్టును ఒకే కోణంలో, ఒకే కొలతలో కదలకుండా పట్టి రాయి మీదికి పంపే ఇనుప పట్టు. వాడు నవ్వాడు. బాలానగర్ షాపులో ఒకటి కొన్నది ఉండేదట, దుమ్ముకొట్టుకొని. "చెయ్యి లేనోనికి అది" అనేవాడట ఉస్తాద్. "జిగ్గుతోని సాన పడితే నన్ను మేస్త్రి అంటరా అన్నా?"

ఈ మాట నేను ఎక్కడో విన్నాను అనిపించింది. మా స్టాఫ్‌రూంలో విన్నాను. "మీకేం సార్, మీ లైను వేరు" అని నవ్వుతూ అంటారు. డీఎస్సీలో నా మార్కులెన్నో అడగరు, రోస్టర్ పాయింటెంతో అడుగుతారు. చెయ్యి లేనివాడికి జిగ్గు, తెలివి లేనివాడికి కోటా. కంపెనీలో తయారై డబ్బాలో వచ్చే కొత్త బిట్టు కూడా యంత్రం పట్టి సాన తీసిందే. దానికి మెరిట్ లేదని ఏ ఉస్తాదూ అనడు. పాతకాలం నుంచి ఎవరికి తాత, తండ్రి, ట్యూషన్, ఇంట్లో పుస్తకాల బీరువా పట్టుగా ఉన్నాయో వాళ్ళు తమది ఉత్త చెయ్యి అనుకుంటారు. అయితే ఈ పోలికను నేను ఎక్కువ దూరం లాగను. జిగ్గులో పెట్టిన బిట్లన్నీ ఒక్క తీరుగా వస్తాయి. మనుషులు అట్లా రారు, రాకూడదు కూడా.

సరే, పని మొదలుపెట్టాం. నా జామెట్రీ బాక్సులోని కోణమానిని పెట్టి రేకు మీద 59 డిగ్రీల గీత గీశాను. పాత యాంగిల్ ముక్కలు రెండు కలిపి వెల్డింగ్ చేస్తే కాలువలాగా అయింది. అందులో బిట్టు పడుకుంటుంది. వెనక ఒక బోల్టు, బిట్టు ఎంత ముందుకు పోవాలో అది ఆపుతుంది. ముందు హాక్సా బ్లేడు ముక్క ఒకటి, కోత అంచును దానికి ఆనిస్తే సమంగా కూచుంటుంది. ఒక పక్క సాన పట్టాక బిట్టును సగం చుట్టు తిప్పి, అదే బ్లేడుకు, అదే బోల్టుకు ఆనించి రెండో పక్క పట్టాలి. కొలతంతా ఇనుములోనే ఉంది కాబట్టి రెండంచులూ సమానం రాక తప్పదు. నాకు భలే గర్వమైంది. నల్లబల్ల మీద ఇరవైసార్లు గీసే కోణం మొదటిసారి ఇనుమై కూచుంది.

బిట్టు పెట్టి చూస్తే కోయలేదు. కీచుమని అరిచింది, పొగ వచ్చింది. రెండంచులూ అచ్చం సమానం, 118కి తేడా లేదు. అయినా కోయలేదు.

తమ్ముడు బిట్టును వెలుతురులో తిప్పి చూసి, "నీ లెక్క అంచు కాడికే ఆగిందన్నా. ఎనక జారలేదు" అన్నాడు. మాటల్లో చెప్పబోయాడు, రాలేదు. చివరికి నా వెనక నిలబడి నా కుడిచెయ్యి మణికట్టు పట్టుకున్నాడు. బిట్టు నా చేతిలో ఉంది, నా చెయ్యి వాడి చేతిలో ఉంది. అంచును రాయికి ఆనించి, నెట్టుతూ నెట్టుతూ నా మణికట్టును మెల్లగా కిందికి దించాడు. బిట్టు తోక కిందికి పోయింది, మొన వెనకభాగం రాయికి తగిలింది. "గదీ" అన్నాడు. ఒక్క క్షణంలో అర్థమైంది. నాలుగేండ్ల ఉస్తాద్‌గిరీ అంతా ఆ దించడంలో ఉంది.

అప్పుడే వాడు ఇంకో సంగతి చెప్పాడు. అంతకుముందెప్పుడూ చెప్పలేదు. ఉస్తాద్ చుట్టాల పిల్లగాడొకడు షాపుకు వచ్చాడట. మూడు నెలల్లో సాన పట్టడం వచ్చేసిందట. "ఎట్ల నేర్పిండో తెల్సా? గిట్లనే. చెయ్యి పట్టుకొని." మావాడి చెయ్యి ఏడేండ్లలో ఆయన ఒక్కసారి కూడా పట్టుకోలేదు. జీతం డబ్బులు బల్ల మీద పెట్టేవాడు, వీడు తీసుకునేవాడు. కులం పేరెత్తి ఎన్నడూ ఒక్క మాట అనలేదట. అవసరం పడలేదు.

నేను ఇన్నాళ్ళు విద్య దాచడమంటే మాట దాచడం అనుకున్నాను. వేదం వినకూడదన్నారు, బడి మెట్లెక్కనియ్యలేదు, ఇట్లాంటివి. పుస్తకం చదువును దాచాలంటే పుస్తకం దాచాలి. చేతిపనిని దాచాలంటే ఏమీ చెయ్యనవసరం లేదు, ముట్టుకోకపోతే చాలు. ముట్టుకోకుండా నేర్పలేని విద్యలన్నీ ఈ దేశంలో ఎవరి ఇంట్లో వాళ్ళకే ఎందుకు మిగిలాయో నాకు ఆ రోజు తెలిసింది. 1936లో అచ్చువేసిన 'కుల నిర్మూలన'లో అంబేడ్కర్, కులం పనుల్ని పంచడంతో ఆగక పనివాళ్ళనే విడదీసి ఒకరి మీద ఒకరిని మెట్లుగా పేర్చిందని వివరించాడు. డిగ్రీలో చదివాను, పరీక్షలో రాశాను. గ్రైండరు ముందు మణికట్టు పట్టుకుంటే గానీ ఎక్కలేదు.

రెండో జిగ్గు అట్లా పుట్టింది. కాలువ కింద ముందుభాగంలో అడ్డంగా ఒక పిన్ను వేసి, తోక కిందికి దిగేటట్టు చేశాం. 12 డిగ్రీలు దిగాక ఒక బోల్టు ఆపుతుంది. పిన్ను లూజుగా ఉంటే అంచు వంకర పోతోంది, అందుకు తమ్ముడు లేత్ మీద ఇత్తడి బుష్షు తిప్పి వేశాడు. ఈసారి బిట్టు కోసింది. రెండు పక్కల నుంచి రెండు ఇనుప సుడులు ఒకే మందంతో లేచివచ్చాయి. తమ్ముడి మణికట్టు ఇప్పుడు ఆ పిన్నులో ఉంది. పిల్లగాడి చెయ్యి పట్టుకోవాలా వద్దా అన్న బాధ లేదు, జిగ్గుకు చెయ్యి ఎవరిదైనా ఒకటే.

నేను ఈ ముక్క గొప్పగా చెప్పాను. తమ్ముడు ఒప్పుకోలేదు. "జిగ్గు నాది గాబట్టి సరే. గిది ఉస్తాద్ కాడ ఉండి, నాకు సాన వచ్చినంక తెచ్చిపెడితే? హెల్పర్ జీతానికే సాన పట్టిచ్చుకుంటుండె."

వాడికి తెలియకుండా వాడు చెప్పింది పెద్ద చరిత్ర. మా బిట్ల కాడల మీద హై స్పీడ్ స్టీల్ అని ముద్ర ఉంటుంది. ఆ ఉక్కును ఇట్లా కాల్చి గట్టిపరిచే పద్ధతిని అమెరికాలో బెత్లెహెం స్టీల్ కంపెనీలో టేలర్, వైట్ అనే ఇద్దరు కనిపెట్టారు. 1900లో పారిస్ ప్రదర్శనలో చూపించారు. ఆ టేలరే 1911లో పని నిర్వహణ మీద పుస్తకం రాశాడు. పనివాళ్ళ చేతుల్లో, అలవాట్లలో ఉన్న జ్ఞానాన్నంతా మేనేజర్లు పోగుచేసి, సూత్రాలుగా మార్చి ఆఫీసులో పెట్టుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. పనివాడికి చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం మిగులుతుంది. అంటే చేతిలోని విద్య ఇనుములోకి పోయినంత మాత్రాన మంచి జరగదు. ఆ ఇనుము ఎవరి షెడ్డులో ఉందన్నది చూడాలి. ఉస్తాద్ వీపు తిప్పడంలో కులం ఉంది, నిజమే. ఎక్కడో కొంత, ఈ భయం కూడా ఉండి ఉండొచ్చు. ఆయన ఓనరు కాదు, ఆయనా జీతగాడే. నేను ఆయన్ని క్షమించడం లేదు. లెక్క సరిగా చెయ్యాలి కాబట్టి రాస్తున్నాను.

మెలి తిరిగిన డ్రిల్ బిట్టు మీద 1863లో స్టీఫెన్ మోర్స్ అనే అమెరికావాడు పేటెంటు తీసుకున్నాడు. పేటెంటును మనం దోపిడీ అనే చూస్తాం, చాలావరకు అదే. కానీ అందులో ఒక షరతు ఉంది, ఎట్లా చేశావో ఆ పని తెలిసినవాళ్ళకు అర్థమయ్యేటట్టు రాసి ఇవ్వాలి. కొన్నేండ్లు లాభం నీది, ఆ తర్వాత లోకానిది. తమ్ముడి ఇద్దరు పిల్లల మాటకు నా దగ్గర ఉన్న జవాబు ఇంతవరకే. వేలు పోగొట్టుకున్నవాడికి కొన్నాళ్ళ హక్కు ఉంటుంది. ఎన్నాళ్ళు? అది జీతం పడేవాడు చెప్తే బాగుండదు.

దాచడాల్లో ఇంకో రకం ఉంది. మా నాయిన మాదిగ పని చేసేవాడు. లందలో తోళ్ళు ఊనేవాడు. తంగేడు చెక్క ఎంత వెయ్యాలి, తోలు ఎన్నాళ్ళకు తియ్యాలి, వేళ్ళతో నొక్కి చెప్పేవాడు. ఆరె, రంపె, గూటం ఇవి ఆయన సామాన్లు. రంపె కమ్మరి దగ్గర చేయించేవాడు. కమ్మరి దాన్ని చేతికి ఇవ్వక కింద పడేసేవాడు. ఇంటికి తెచ్చి నాయిన నల్లరాయి మీద నీళ్ళు చల్లి తనే సాన పట్టేవాడు. నేను ఏడెనిమిదేండ్లప్పుడు ఒకసారి ఆ రంపె పట్టుకొని రాయి ముందు కూచున్నాను. గుంజుకొని, వీపు మీద ఒకటి వేసి, పలక చేతికిచ్చాడు. మా ఇద్దరికీ ఆయన తన పని ఒక్క ముక్క నేర్పలేదు. మేం చూస్తున్నామని అనుమానం వస్తే అటు తిరిగి కూచునేవాడు. అదీ వీపే. ఆ వీపు వల్లే నేను మా వంశంలో మొదటి డిగ్రీవాణ్ణి అయ్యాను.

ఆయన 2014లో పోయాడు. రంపె అటక మీద దొరికింది. ఇదివరకు ఈ దేశంలో బావుల మోటలకు తొండాలు, ఎడ్లకు పట్టెడలు, దొరల కాళ్ళకు చెప్పులు ఆ అంచు మీదే తెగాయి. దానికి జిగ్గు లేదు, పుస్తకం లేదు. లెక్కల టీచర్‌ని, కోణమానిని ఉంది, కొలుద్దామని చూశాను. తుప్పు తినేసిన అంచుకు కోణం ఉండదు. ఆయన దాచడం తప్పా? కంపుకొట్టే లందలోంచి కొడుకుల్ని గట్టున పడెయ్యాలనుకున్న మనిషిని తప్పు పట్టే నోరు నాకు లేదు. కానీ ఆయన చేతిలో ఉన్నది విద్య అని ఆయనకు ఒక్కరూ చెప్పలేదు, నేను కూడా చెప్పలేదు. బడిలో 'మీ నాయిన ఏం చేస్తడు' అంటే కూలి అని రాసినవాణ్ణి.

ఇది నేను తమ్ముడికి చెప్పలేదు. వాడికి తెలుసు, రంపె ఇప్పుడు వాడి షెడ్డులోనే ఉంది, గోడకు మేకు కొట్టి తగిలించాడు.

జిగ్గును మాత్రం పిల్లగాడి చేతికి వదిలేశాడు. ట్రాలీ పట్టీల పనికి రెండు చేతులూ చాలక వదిలాడు, నా ఉపన్యాసానికి కాదు. నాలుగు రోజుల్లో పిల్లగాడు 6 నుంచి 16 మిల్లీమీటర్ల దాకా అన్నీ పట్టేస్తున్నాడు. వాడు ఇంకా మేస్త్రి కాలేదు. బిట్టు ఎందుకు కోస్తుందో వాడికి తెలియదు, జిగ్గుకు తెలుసు. నేను ఆదివారాలు పోయినప్పుడు 118 అంటే ఏమిటో, తోక ఎందుకు దించాలో సుద్దముక్కతో గచ్చు మీద గీసి చెప్తున్నాను. తప్పిన ఇంటర్ లెక్కలు కూడా అందులో కొంచెం కొంచెం కలుపుతున్నాను. వాడికి అది నచ్చడం లేదు, చూస్తే తెలుస్తోంది.

సన్నబిట్లు, 3 మిల్లీమీటర్లవి, మా జిగ్గులో కూచోవు. కాలువ అంచుల్లోనే దాగిపోతాయి. అవి ఇప్పటికీ తమ్ముడే పడతాడు, చేత్తోనే, అటు తిరిగి. నేను అడగడం మానేశాను.

మొన్న ఆదివారం సాయంత్రం కరెంటు తక్కువ వస్తోంది, షెడ్డులో బల్బు ఎర్రగా మిణుకుమంటోంది. తమ్ముడి చేతిలో సన్నబిట్టు ఉంది. కండ్లు చిట్లించి చూశాడు, కనిపించలేదు. "ఒరేయ్, ఆ చార్జింగ్ లైటు తీసుకొని ఇట్ల రా" అన్నాడు పిల్లగాణ్ణి. వాడు వెనక నిలబడి పట్టుకున్నాడు. తమ్ముడి నీడే రాయి మీద పడింది.

"ఎనక కాదురా. ఈ పక్కకు రా. రాయి కాడ పట్టు."